స్పామ్ మెయిల్‌కి డిలీట్ మందు కాదు

పొద్దున ఫోన్ తెరవగానే పర్సనల్ లోన్ మంజూరైందని ఒక మెయిల్, ఊరి బయట ఓపెన్ ప్లాట్లని ఒకటి, మీ పార్సిల్ డిపోలో ఆగిపోయిందని ఒకటి, న్యూజెర్సీలో జావా డెవలపర్ కావాలని ఇంకొకటి. చాలామంది వాటిని వరసగా ఎంచి డిలీట్ కొట్టి పనిలో పడిపోతారు. మర్నాడు మళ్లీ అవే. వాకిట్లో రోజూ ఎవరో చెత్త పోసి పోతుంటే, పోసినవాణ్ణి పట్టుకోకుండా మనమే ఊడ్చుకుంటూ కూర్చున్నట్టు ఉంటుంది ఈ పని.

డిలీట్ కొడితే మెయిల్ మీ కళ్ల ముందు నుంచి పోతుంది, అంతవరకే. చదివి, పని అయ్యాక తీసేసిన కరెంటు బిల్లుకీ, చూడగానే చిరాకొచ్చి తీసేసిన లోన్ ప్రకటనకీ తేడా ఏమిటో మీరు జీమెయిల్‌కి చెప్పలేదు. చెప్పడానికి మూడు దారులున్నాయి: అన్‌సబ్‌స్క్రైబ్, రిపోర్ట్ స్పామ్, రిపోర్ట్ ఫిషింగ్. ఫిషింగ్ అంటే బ్యాంకులా, ప్రభుత్వంలా వేషం వేసి పాస్‌వర్డో డబ్బో కాజేసే మెయిల్. ఒకచోట వాడాల్సింది ఇంకోచోట వాడితే పని జరగకపోగా ఒక్కోసారి మన మీదికే వస్తుంది. అందుకే బటన్ నొక్కే ముందు ఆ మెయిల్ ఏ రకానిదో చూడాలి. ఇక్కడ చెప్పే దశలన్నీ మనలో ఎక్కువమంది వాడే జీమెయిల్‌వి. అవుట్‌లుక్‌లో, యాహూలో పేర్లు కాస్త మారతాయి గానీ పద్ధతి ఇదే.

మీరే ఎప్పుడో సరే అన్నవి

మాల్‌లో బిల్లు వేసేటప్పుడు కౌంటర్ దగ్గర ఇచ్చిన చిరునామా, ఈఏపీసెట్ కౌన్సెలింగ్ సీజన్‌లో ఏదో కాలేజీ వెబ్‌సైట్‌లో నింపిన ఫారం, యాప్‌లో ముందే టిక్ పెట్టి ఉంచిన "ఆఫర్లు పంపండి" గడి. ఇలా మొదలైన మెయిళ్లు విసుగే గానీ పంపేవాడు దొంగ కాదు. అతనికి ఒక కంపెనీ ఉంది, ఒక డొమైన్ (మెయిల్ చిరునామాలో @ తర్వాత ఉండే పేరు) ఉంది, దానికి చెడ్డపేరు వస్తుందన్న భయమూ ఉంది. వీటికి సరైన మందు అన్‌సబ్‌స్క్రైబ్.

మెయిల్ అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో ఉండే లింకును వెతుక్కోనక్కర్లేదు. మెయిల్ తెరిస్తే పైన, పంపినవారి పేరు పక్కనే జీమెయిల్ ఇచ్చే అన్‌సబ్‌స్క్రైబ్ కనిపిస్తుంది. దాన్ని వాడండి. మెయిల్ లోపల, మనకు కనిపించని హెడర్ భాగంలో పంపినవాళ్లు పెట్టిన సమాచారాన్ని చదివి జీమెయిల్ ఆ బటన్ చూపిస్తుంది. 2024 ఫిబ్రవరి నుంచి గూగుల్, యాహూ కలిసి నిబంధనలు బిగించాయి. జీమెయిల్ ఖాతాలకు రోజుకి 5000 మెయిళ్లకు మించి పంపేవాళ్లు తమ ప్రచార మెయిళ్లలో ఒక్క నొక్కుతో ఆగిపోయే ఈ ఏర్పాటు పెట్టాలి. అడిగిన రెండు రోజుల్లో ఆపేయాలి. 2025లో జీమెయిల్ ఎడమవైపు మెనూలో మేనేజ్ సబ్‌స్క్రిప్షన్స్ అనే పేజీ కూడా వచ్చింది. ఎవరు ఎక్కువ పంపుతున్నారో వాళ్లు పైన ఉంటారు. ఆదివారం ఒక పావుగంట కూర్చుని పై నుంచి 20 పేర్లకు అన్‌సబ్‌స్క్రైబ్ కొడితే వారంలో తేడా తెలుస్తుంది.

వారం దాటాక కూడా అదే పంపినవాడి నుంచి వస్తుంటే మొహమాటం అక్కర్లేదు, రిపోర్ట్ స్పామ్ నొక్కండి. ఆ బటన్‌కి ఎంత బలముందో చాలామందికి తెలియదు. అవే నిబంధనల ప్రకారం, పెద్ద ఎత్తున పంపేవాళ్ల మీద స్పామ్ ఫిర్యాదులు 0.3 శాతానికి చేరకూడదు, 0.1 శాతం లోపే ఉంచుకోమని గూగుల్ చెబుతుంది. అంటే ఇన్‌బాక్స్‌లకు చేరిన వెయ్యి మెయిళ్లలో ముగ్గురు ఆ బటన్ నొక్కితే పంపినవాడికి ఇబ్బంది మొదలవుతుంది. అతని మెయిళ్లు మీకే కాదు, మిగతావాళ్లకి కూడా స్పామ్‌లోకి జారడం మొదలుపెడతాయి. డిలీట్ కొట్టిన 997 మంది చేయలేని పని ఆ ముగ్గురు చేస్తారు.

చట్టం సంగతి అడుగుతారు కాబట్టి క్లుప్తంగా చెప్తాను. 1909కి ఫోన్ చేసి పెట్టుకునే డీఎన్‌డీ కాల్స్‌కీ ఎస్సెమ్మెస్‌లకే, మెయిల్‌కి వర్తించదు. విసిగించే మెయిళ్లను కూడా నేరం కిందికి తెచ్చిన ఐటీ చట్టం 66ఎ సెక్షన్‌ను సుప్రీంకోర్టు 2015 మార్చి 24న కొట్టేసింది. అసలు ఆ సెక్షన్‌ను వాడింది ఎక్కువగా సోషల్ మీడియా పోస్టులు పెట్టినవాళ్ల మీద కాబట్టి, అది పోయిందని స్పామ్ విషయంలో బాధపడాల్సింది లేదు. అయితే దాని స్థానంలో స్పామ్ మెయిల్ కోసమే ప్రత్యేకంగా చట్టం మనకి రాలేదు. అమెరికాలో ఉన్న మనవాళ్లకి 2003 నాటి క్యాన్‌స్పామ్ చట్టం ఉంది. వద్దన్న పది పనిదినాల్లో ప్రచార మెయిళ్లు ఆపాలి, మెయిల్‌లో పంపినవారి తపాలా చిరునామా ఉండాలి. అక్కడి కంపెనీ ఈ రెంటిలో ఏది పాటించకపోయినా ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌కి ఫిర్యాదు చేయవచ్చు.

ముక్కూ మొహం తెలియనివి

మీరు ఎక్కడా ఏ ఫారమూ నింపకుండా వచ్చే మెయిళ్లకి పద్ధతి పూర్తిగా వేరు. ఇక్కడ అన్‌సబ్‌స్క్రైబ్ లింకు నొక్కడం నష్టమే. అవతలివాడి దగ్గర లక్షల చిరునామాలుంటాయి. వాటిలో చాలావి మూతపడినవో, ఎవరూ చూడనివో. మీరు లింకు నొక్కిన క్షణంలో ఈ చిరునామా బతికే ఉందనీ, దాన్ని ఒక మనిషి చదువుతున్నాడనీ అతనికి తెలిసిపోతుంది. "దయచేసి నాకు పంపకండి" అని జవాబు రాసినా అంతే. అలా ఖాయమైన చిరునామాకి అమ్మకం ధర పెరుగుతుంది.

బ్లాక్ బటన్ కూడా ఇక్కడ పెద్దగా పనికిరాదు. బ్లాక్ చేస్తే ఆ ఒక్క చిరునామా నుంచి వచ్చేవి స్పామ్‌లో పడతాయి. స్పామ్ పంపేవాడు రేపు వేరే చిరునామా వాడతాడు, ఎల్లుండి ఇంకొకటి. బ్లాక్ అన్నది మీకు తెలిసిన ఒక మనిషి వేధిస్తున్నప్పుడు వాడాల్సిన సాధనం. స్పామ్‌కి రిపోర్ట్ స్పామ్ ఒక్కటే దారి. కంప్యూటర్‌లో పైన వరసలో ఆశ్చర్యార్థకం ఉన్న బొమ్మ, ఫోన్‌లో కుడివైపు పైన మూడు చుక్కలు నొక్కితే కనిపించే రిపోర్ట్ స్పామ్. నొక్కాక "అన్‌సబ్‌స్క్రైబ్ కూడా చేయమంటారా" అని అడిగితే, ఈ రకం మెయిళ్లకి రిపోర్ట్ స్పామ్ వరకే ఎంచండి.

అసలు మెయిల్ తెరవడమే ప్రమాదమా అని చాలామందికి అనుమానం. తెరిచినంత మాత్రాన ఫోన్‌లోకి వైరస్ దూకదు. అయితే ఇలాంటి మెయిళ్లలో కంటికి కనిపించనంత, ఒక్క చుక్కంత బొమ్మ పెడతారు. మీ చిరునామాకి ప్రత్యేకంగా తయారుచేసిన ఆ బొమ్మ లోడ్ అయితే మీరు తెరిచారన్న కబురు వాళ్లకి చేరుతుంది. జీమెయిల్ 2013 చివర నుంచి బొమ్మల్ని తన సర్వర్ల మీదుగా తెస్తుంది కాబట్టి మీరు ఏ ఊళ్లో ఉన్నారో తెలియదు గానీ, తెరిచిన సంగతి తెలియొచ్చు. దీన్ని ఆపాలంటే కంప్యూటర్‌లో జీమెయిల్ సెట్టింగ్స్ తెరిచి, సీ ఆల్ సెట్టింగ్స్, జనరల్, ఇమేజెస్ దగ్గర "ఆస్క్ బిఫోర్ డిస్‌ప్లేయింగ్ ఎక్స్‌టర్నల్ ఇమేజెస్" ఎంచుకోండి. అడుగున సేవ్ ఛేంజెస్ నొక్కడం మరిచిపోతే పెట్టిందంతా పోతుంది; ఎక్కువమంది తప్పటడుగు వేసేది అక్కడే.

ఇంత చెత్త ఎందుకు వస్తుందంటే, పంపడానికి దాదాపు ఖర్చు లేదు కాబట్టి. 1978 మేలో డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్ మార్కెటింగ్ ఉద్యోగి ఒకాయన, ఇంటర్నెట్‌కి తాతలాంటి అర్పానెట్‌లో సుమారు 400 మందికి ఒకేసారి తమ కంప్యూటర్ల ప్రకటన పంపాడు. మొదటి స్పామ్‌గా దాన్నే చెప్పుకుంటారు. ఆ 400 ఇప్పుడు కోట్లయింది, లెక్క మాత్రం మారలేదు. లక్ష మందిలో ఒక్కడు చిక్కినా గిట్టుబాటే.

పంపినవాడి పేరు ఎందుకు నమ్మకూడదు

పోస్టు కవర్ మీద "ఫ్రమ్" దగ్గర ఎవరి పేరైనా రాసి డబ్బాలో వేయొచ్చు. పోస్ట్‌మాన్ అడగడు. మెయిల్ కూడా అంతే. మెయిళ్లను చేరవేసే ఎస్‌ఎంటీపీ అనే పద్ధతి 1982లో రూపుదిద్దుకున్నప్పుడు వాడేవాళ్లు కొద్దిమంది, ఒకరికొకరు తెలిసినవాళ్లు. పంపేవాడు నిజంగా అతనేనా అని అడిగే ఏర్పాటు అందులో పెట్టలేదు. దాని ఫలితం ఇప్పటికీ అనుభవిస్తున్నాం.

ఆ లోటు పూడ్చడానికి తర్వాత మూడు తనిఖీలు చేర్చారు. ఎస్‌పీఎఫ్ అంటే ఫలానా డొమైన్ తరఫున మెయిల్ పంపే అధికారం ఏ సర్వర్లకుందో చెప్పే జాబితా. డీకిమ్ అంటే మెయిల్ మీద వేసే డిజిటల్ సీలు. దారిలో ఎవరైనా మారిస్తే సీలు పగిలినట్టు తెలుస్తుంది. మనకు కనిపించే "ఫ్రమ్" చిరునామాలోని డొమైన్‌కీ ఈ రెంటిలో ఒకదానికైనా పొంతన ఉందా, లేకపోతే ఏం చేయాలి అని చెప్పేది డీమార్క్. ఏ మెయిల్ మీద అనుమానం వచ్చినా కంప్యూటర్‌లో దాన్ని తెరిచి, రిప్లై బాణం పక్కనున్న మూడు చుక్కలు నొక్కి, షో ఒరిజినల్ ఎంచండి. పైన చిన్న పట్టికలో మూడింటి ఎదురుగా పాస్ అనో ఫెయిల్ అనో ఉంటుంది. బ్యాంకు పేరుతో వచ్చిన మెయిల్‌కి డీమార్క్ ఫెయిల్ అని ఉంటే అందులో ఏ లింకూ ముట్టుకోకండి.

ఇక్కడో మెలిక ఉంది. మూడూ పాస్ అయినంత మాత్రాన మంచివాడని కాదు. దొంగ కూడా కొన్ని వందలు పెట్టి డొమైన్ కొనుక్కుని, ఈ మూడూ చక్కగా అమర్చుకుంటాడు. ఆ డొమైన్ నుంచే వచ్చిందన్నంత వరకే పాస్‌కి అర్థం. ఆ డొమైన్ ఎవరిదో మీరు కళ్లతో చూసుకోవాలి. అందుకు చిరునామాను కుడి నుంచి ఎడమకి చదవడం నేర్చుకోవాలి.

లింకు మీద మౌస్ పెడితే కింద ఎడమ మూల అసలు చిరునామా కనిపిస్తుంది. ఫోన్‌లో అయితే లింకును వేలితో నొక్కి పట్టుకోండి. మొదట్లో వచ్చే జంట గీతలు వదిలేసి, తర్వాత వచ్చే మొదటి ఏటవాలు గీత దగ్గర ఆగండి. అక్కణ్ణుంచి వెనక్కి చదవండి. ఉదాహరణకి ఇంగ్లీషు అక్షరాల్లో "ఇన్‌కమ్‌ట్యాక్స్.గవ్.ఇన్.రీఫండ్‌చెక్.టాప్" అని ఉందనుకోండి. ఎడమ నుంచి చదివితే ఆదాయపన్ను శాఖలాగే కనిపిస్తుంది. కుడి నుంచి చదివితే దాని యజమాని "రీఫండ్‌చెక్.టాప్" అనే ఎవరో. ముందున్నదంతా అలంకారం. "గవ్.ఇన్" కుడి చివర ఉంటే ప్రభుత్వానిది. ఇంకో ఎత్తు, ఇంగ్లీషు ఆర్, ఎన్ పక్కపక్కన పెట్టి ఎమ్‌లా భ్రమింపజేయడం. చిన్న తెర మీద అది అస్సలు పట్టుబడదు.

బ్యాంకుల విషయంలో ఇప్పుడు ఒక మంచి గుర్తు దొరికింది. 2025 అక్టోబర్ 31లోగా బ్యాంకులన్నీ తమ వెబ్‌సైట్లను "బ్యాంక్.ఇన్" చివర ఉండే డొమైన్లకు మార్చుకోవాలని రిజర్వ్ బ్యాంక్ ఆదేశించింది. ఆ డొమైన్లను ఇచ్చే అధికారం ఒక్క ఐడీఆర్‌బీటీకే, అంటే మన హైదరాబాద్ మాసబ్‌ట్యాంక్‌లో ఉన్న బ్యాంకింగ్ టెక్నాలజీ సంస్థకే ఉంది. దాన్ని ఎవడుపడితే వాడు కొనుక్కోలేడు. కాబట్టి లాగిన్ అడిగే పేజీ డొమైన్ చివర "బ్యాంక్.ఇన్" లేకపోతే పాస్‌వర్డ్ కొట్టకండి. అంతకంటే మేలు, మెయిల్‌లో లింకు అసలు వాడకుండా బ్యాంకు యాప్ తెరుచుకోవడం.

ఫిషింగ్ అని తెలిశాక

ఇలాంటివాటిని మామూలు స్పామ్‌లో కలపకండి. కంప్యూటర్‌లో అదే మూడు చుక్కల మెనూలో రిపోర్ట్ ఫిషింగ్ అని విడిగా ఉంటుంది.

రిటర్నులు వేసే కాలంలో ఎక్కువగా వచ్చేది రీఫండ్ మెయిల్. మీకు ఇన్ని వేలు రావాలి, కార్డు వివరాలు ఇవ్వండి అంటుంది. ఆదాయపన్ను రీఫండ్ మీరు ముందే పోర్టల్‌లో ధ్రువీకరించుకున్న బ్యాంకు ఖాతాలోకి నేరుగా పడుతుంది; దానికి కార్డు నంబరుతో గానీ ఓటీపీతో గానీ పనే లేదు. ఈ ఒక్క ముక్క ఇంట్లో పెద్దవాళ్లకి చెప్పి ఉంచండి.

అటాచ్‌మెంట్లలో ఇప్పుడు జాగ్రత్త పడాల్సింది హెచ్‌టీఎంఎల్ ఫైళ్లతో. ఇన్‌వాయిస్ అనో వాయిస్ మెసేజ్ అనో పేరుంటుంది, తెరిస్తే అచ్చం మైక్రోసాఫ్ట్ లాగిన్‌లా కనిపించే పేజీ మీ కంప్యూటర్‌లోనే తెరుచుకుంటుంది. అందులో కొట్టిన పాస్‌వర్డ్ వాళ్లకి వెళుతుంది. పాస్‌వర్డ్ మెయిల్‌లోనే రాసి పంపే జిప్ ఫైళ్లు ఇంకో రకం. తాళం వేసిన ఫైలు లోపల ఏముందో జీమెయిల్ తనిఖీ చేయలేదు, వాళ్లు తాళం వేసేదే అందుకు. పీడీఎఫ్‌లో క్యూఆర్ కోడ్ పెట్టి స్కాన్ చేయమనడం కూడా అలాంటిదే. లింకు అక్షరాల్లో లేకుండా బొమ్మలో ఉంటే వడపోతకి పట్టుబడటం కష్టం.

ఇక మనుషుల్ని నిజంగా భయపెట్టే మెయిల్ ఒకటుంది. సబ్జెక్ట్‌లో మీ పాస్‌వర్డే కనిపిస్తుంది. పంపిన చిరునామా మీదే. "నీ కంప్యూటర్‌లోకి చొరబడ్డాను, కెమెరాతో వీడియో తీశాను, ఇంత బిట్‌కాయిన్ పంపకపోతే అందరికీ పంపుతా" అని ఉంటుంది. ఇది చదివి సిగ్గుతో ఎవరికీ చెప్పుకోలేక నలిగిపోయేవాళ్లుంటారు. అందుకే వివరంగా చెప్తున్నాను. ఆ పాస్‌వర్డ్ మీ కంప్యూటర్ నుంచి రాలేదు. మీరు ఎప్పుడో ఖాతా తెరిచిన ఏదో వెబ్‌సైట్ డేటా బయటపడినప్పుడు దానితో పాటు పోయింది. మీ చిరునామా నుంచే వచ్చినట్టు కనిపించడం పైన చెప్పిన కవర్ మీద రాత. వీడియో ఉందని నమ్మడానికి ఆ రెంటిలో ఏదీ రుజువు కాదు. ఇలాంటివి ఒకే మాటలతో వేలమందికి వెళతాయి. డబ్బు పంపకండి, జవాబు రాయకండి. హ్యావ్ ఐ బీన్ ప్వన్డ్ అనే ఉచిత సైట్‌లో మీ చిరునామా కొట్టి ఏ లీకుల్లో ఉందో చూసుకోండి. ఆ పాస్‌వర్డ్ ఇంకా ఎక్కడెక్కడ వాడుతున్నారో అన్నిచోట్లా మార్చి, రెండంచెల ధ్రువీకరణ పెట్టుకోండి.

ఖాతాలోకి నిజంగానే ఎవరైనా వచ్చారా అని తేల్చుకోవాలంటే మూడు చోట్ల చూడాలి. సెంట్ ఫోల్డర్‌లో మీరు పంపనివి ఉన్నాయా. కంప్యూటర్‌లో జీమెయిల్ పేజీ అడుగున కుడివైపు లాస్ట్ అకౌంట్ యాక్టివిటీ పక్కన డీటెయిల్స్ నొక్కితే వచ్చే జాబితాలో మీకు తెలియని పరికరం, ఊరు ఉన్నాయా. ఆఖరిది చాలామంది చూడరు: సెట్టింగ్స్‌లో ఫార్వర్డింగ్, ఫిల్టర్స్. చొరబడినవాడు బ్యాంకు నుంచి వచ్చే మెయిళ్లన్నీ మీకు కనిపించకుండా నేరుగా ట్రాష్‌కి పోయేలా ఫిల్టర్ పెట్టి పోతాడు. పాస్‌వర్డ్ మార్చినా ఆ ఫిల్టర్ అలాగే ఉంటుంది.

డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి, ఆ తర్వాత జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేయండి. డబ్బు ఇంకో ఖాతాకి దాటకముందే ఆపగలిగితేనే తిరిగి దక్కే ఆశ. వేరొకరి వేషంలో కంప్యూటర్ ద్వారా మోసం చేస్తే ఐటీ చట్టం 66డి కింద మూడేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా ఉన్నాయి. మెయిల్‌ను డిలీట్ చేయకండి, షో ఒరిజినల్ పేజీలో డౌన్‌లోడ్ ఒరిజినల్ నొక్కి దాచుకోండి. స్క్రీన్‌షాట్‌లో హెడర్ ఉండదు, ఆధారం ఆ హెడర్‌లోనే ఉంటుంది.

ఒక్కసారిగా వేలల్లో వస్తే

ఒక మధ్యాహ్నం హఠాత్తుగా ఏవేవో దేశాల వెబ్‌సైట్ల నుంచి "మా వార్తాలేఖకు స్వాగతం" అంటూ నిమిషానికి పదుల కొద్దీ మెయిళ్లు మొదలైతే అది మామూలు స్పామ్ అనుకోకండి. మీ కార్డుతో ఎవరో ఏదో కొని ఉండొచ్చు, లేదా మీ ఖాతా ఒకటి చేజిక్కించుకుని ఉండొచ్చు. దాని తాలూకు నిజమైన మెయిల్ మీ కంట పడకుండా గడ్డివాములో సూదిలా దాచడానికి ఈ వాన కురిపిస్తున్నారు. కంగారులో అన్నీ ఎంచి డిలీట్ చేస్తే ఆ సూది కూడా పోతుంది, వాళ్లకి కావాల్సింది అదే. ముందు సెర్చ్‌లో మీ బ్యాంకు పేరు, ఆర్డర్, ఓటీపీ, పాస్‌వర్డ్ అనే మాటలు ఒక్కొక్కటే ఇంగ్లీషులో కొట్టి ఆ గంటలో వచ్చినవి చూడండి. బ్యాంకు యాప్‌లో లావాదేవీలు చూడండి. తెలియనిది కనిపిస్తే కార్డు ఆపేయించండి. శుభ్రం చేసుకోవడం ఆ తర్వాత.

హాట్‌లిస్టులు

అమెరికా ఐటీ కాంట్రాక్టు ఉద్యోగాల చుట్టూ తిరిగే తెలుగువాళ్లకి ఇది బాగా తెలిసిన తలనొప్పి. బెంచ్ మీదున్న, అంటే చేతిలో ప్రాజెక్టు లేని కన్సల్టెంట్ల పేర్లు, వీసా స్టేటస్, స్కిల్, ఊరు పట్టికగా వేసి వందల వెండర్లకు (మధ్యవర్తి కంపెనీలకు) పంపే మెయిల్ హాట్‌లిస్ట్. అటువైపు నుంచి సీటూసీ (కార్ప్ టు కార్ప్, అంటే కంపెనీకీ కంపెనీకీ మధ్య కాంట్రాక్టు) రిక్వైర్‌మెంట్లు. ఒకసారి ఉద్యోగ పోర్టల్‌లో పెట్టిన రెజ్యూమె ఎక్సెల్ షీట్లలో చేతులు మారుతూ ఏళ్ల తరబడి తిరుగుతుంది. అందుకే మీకు సంబంధంలేని స్కిల్‌కి కూడా మెయిళ్లు వస్తుంటాయి.

అడుగున "రిమూవ్ అని జవాబివ్వండి" అని ఉంటుంది. ఇవ్వకండి. ఆ మెయిల్ పంపిన రిక్రూటర్ మిమ్మల్ని తీసేసినా అదే షీట్ ఇంకో పది కన్సల్టెన్సీల దగ్గర ఉంటుంది. ముందు మూలం ఆపాలి: పోర్టల్‌లో ప్రొఫైల్ కనపడకుండా పెట్టండి, రెజ్యూమె తీసేయండి. ఇలాంటి మెయిళ్లలో చాలావరకు గూగుల్ గ్రూప్స్ ద్వారా వస్తాయి, మిమ్మల్ని అడగకుండానే ఎవరో చేర్చి ఉంటారు. గూగుల్ గ్రూప్స్ సైట్ తెరిచి మై గ్రూప్స్‌లో తెలియనివాటన్నిటి నుంచి బయటికి రండి. తర్వాత అక్కడే గ్లోబల్ సెట్టింగ్స్‌లో, గ్రూప్ నిర్వాహకులు నన్ను నేరుగా చేర్చవచ్చు అనే టిక్ తీసేయండి. ఈ టిక్ తీయకపోతే బయటికి వచ్చిన వారానికే మళ్లీ చేరుస్తారు.

ఉద్యోగం వెతుక్కుంటున్నవాళ్లు వీటిని పూర్తిగా ఆపుకోలేరు, నిజమే. అలాంటప్పుడు సబ్జెక్ట్‌లో హాట్‌లిస్ట్ అన్న మాట ఉన్నవాటికి ఫిల్టర్ పెట్టి, లేబుల్ తగిలించి, స్కిప్ ద ఇన్‌బాక్స్ ఎంచండి. తీరిక దొరికినప్పుడు చూసుకోవచ్చు. ఇంకొక మాట: రైట్ టు రిప్రజెంట్ (మీ తరఫున క్లయింట్‌కి రెజ్యూమె పంపడానికి రిక్రూటర్‌కి మీరిచ్చే అనుమతి) పేరుతో మొదటి మెయిల్‌లోనే పాస్‌పోర్ట్ కాపీ, వీసా కాపీ, సోషల్ సెక్యూరిటీ చివరి నాలుగు అంకెలు అడిగితే పంపకండి. అసలు క్లయింట్ ఎవరో చెప్పి, ఫోన్‌లో మాట్లాడి, కంపెనీ నిజమైనదని మీరు తేల్చుకున్నాకే ఏదైనా.

వేరేవాళ్ల మెయిల్ మీకొస్తే

శ్రీనివాస్, లక్ష్మి, ప్రసాద్ లాంటి పేర్లతో తొలినాళ్లలో జీమెయిల్ తీసుకున్నవాళ్లకి ఇది నిత్యం ఉండేదే. ఎవరిదో బీమా ప్రీమియం, ఇంకెవరిదో పిల్లవాడి స్కూలు ఫీజు. చాలామంది, చుక్క ఉన్న చిరునామా వేరేవాళ్లది, చుక్క లేనిది నాది అనుకుంటారు. జీమెయిల్ చుక్కల్ని లెక్కచేయదు. చుక్క ఎక్కడ పెట్టినా అది మీ ఖాతానే. అవతలివాళ్లు తమ చిరునామా తప్పుగా రాసిచ్చారు, అంతే.

వీటికి రిపోర్ట్ స్పామ్ కొట్టడం పొరపాటు. మీ బ్యాంకూ అదే అయితే రేపు మీ స్టేట్‌మెంట్ కూడా స్పామ్‌లో పడుతుంది. "ఇది నేను కాదు" అనే లింకు ఉంటే వాడండి. లేకపోతే ఫిల్టర్ పెట్టండి: సెర్చ్ పెట్టె కుడి చివర గీతల బొమ్మ నొక్కి, ఫ్రమ్ దగ్గర పంపేవాళ్ల చిరునామా, హ్యాజ్ ద వర్డ్స్ దగ్గర అవతలి మనిషి పూర్తి పేరు కొటేషన్ల మధ్య పెట్టి, క్రియేట్ ఫిల్టర్, స్కిప్ ద ఇన్‌బాక్స్. మీ పేరు మీద వచ్చేవి ముట్టుకోదు. పాస్‌వర్డ్ రీసెట్ చేసి వాళ్ల ఖాతాలోకి వెళ్లి చిరునామా మార్చేద్దామనుకోకండి. మంచి ఉద్దేశమైనా చట్టం దృష్టిలో అది అనుమతి లేని ప్రవేశం.

చిరునామా బయటికి ఇచ్చేముందు

జీమెయిల్‌లో మీ పేరు తర్వాత ప్లస్ గుర్తు పెట్టి ఏం రాసినా మీకే చేరుతుంది. ఇంగ్లీషు అక్షరాల్లో "మీపేరు+మాల్@జీమెయిల్.కామ్" అని మాల్‌లో ఇచ్చారనుకోండి. రేపు ఏ రియల్ ఎస్టేట్ మెయిలో ఆ చిరునామాకి వస్తే ఎవరి దగ్గర నుంచి జారిందో తెలిసిపోతుంది. కొన్ని ఫారాలు ప్లస్ గుర్తును ఒప్పుకోవు. తెలివైన స్పామర్ ప్లస్ తర్వాతది కత్తిరించేయగలడు కూడా. అంతకంటే గట్టి దారి మారు చిరునామాలు: ఆపిల్ ఐక్లౌడ్ ప్లస్‌లో హైడ్ మై ఈమెయిల్, ఫైర్‌ఫాక్స్ రిలే ఉచిత ఖాతాలో ఐదు. ఒకటి పాడైతే దాన్ని మూసేస్తే చాలు. ఇవేవీ వద్దంటే, కౌంటర్లకీ కూపన్లకీ ఇవ్వడానికి విడిగా ఒక ఖాతా పెట్టుకోండి. బ్యాంకు, పాన్, ఆధార్‌తో ముడిపడిన చిరునామా మాత్రం ఏ కౌంటర్ దగ్గరా చెప్పకండి.

మెయిల్ అన్నీ అయ్యాక క్యాలెండర్‌లో "మీరు ఐఫోన్ గెలిచారు" అని కనిపిస్తే, గూగుల్ క్యాలెండర్ సెట్టింగ్స్‌లో యాడ్ ఇన్విటేషన్స్ టు మై క్యాలెండర్ దగ్గర, పంపినవాళ్లు తెలిసినవాళ్లయితేనే అనే ఎంపిక పెట్టండి.

మంచి మెయిల్ స్పామ్‌లో పడితే

స్పామ్ ఫోల్డర్‌లో పడినవి 30 రోజులకి వాటంతటవే చెరిగిపోతాయి. ఇంటర్వ్యూ పిలుపులు, వీసా అపాయింట్‌మెంట్లు అలా పోయినవాళ్లున్నారు. ఏదైనా ముఖ్యమైనదాని కోసం ఎదురుచూస్తున్నప్పుడు రోజూ, మామూలప్పుడు వారానికొకసారి ఆ ఫోల్డర్ చూడండి. మంచిది కనిపిస్తే ఊరికే ఇన్‌బాక్స్‌కి లాగకుండా రిపోర్ట్ నాట్ స్పామ్ నొక్కండి. ఆ చిరునామాను కాంటాక్ట్స్‌లో చేర్చండి. అయినా మళ్లీ పడితే ఫిల్టర్‌లో నెవర్ సెండ్ ఇట్ టు స్పామ్ ఎంచండి. అన్‌సబ్‌స్క్రైబ్ అన్న మాట ఉన్న ప్రతి మెయిల్‌నీ పక్కకి నెట్టే ఫిల్టర్ పెట్టమని కొందరు చెబుతారు. బ్యాంకు స్టేట్‌మెంట్లలో, టికెట్ల మెయిళ్లలో కూడా ఆ మాట ఉండొచ్చు కాబట్టి ఆ ఫిల్టర్‌కి డిలీట్ ఎప్పుడూ తగిలించకండి, లేబుల్ వరకే.

మీరు పంపేవి అవతలివాళ్లకి స్పామ్‌లో పడుతుంటే అది వేరే లెక్క. అపార్ట్‌మెంట్ అసోసియేషన్ 200 ఫ్లాట్లకి మెయింటెనెన్స్ నోటీసు పంపాలంటే సీసీలో పెట్టకండి, అందరి చిరునామాలూ అందరికీ తెలిసిపోతాయి. ఒకరి ఖాతా హ్యాక్ అయితే మొత్తం జాబితా పోతుంది. ఒకరి చిరునామా ఒకరికి కనిపించని బీసీసీ వాడండి, లేదా గూగుల్ గ్రూప్ పెట్టుకోండి. ఉచిత జీమెయిల్ ఖాతా నుంచి రోజుకి 500 మందికి మించి పంపబోతే కాసేపు ఆపేస్తుంది. సొంత డొమైన్ ఉన్న చిన్న వ్యాపారాలు ఎక్కువగా చేసే తప్పు, మెయిల్ సేవ మారినప్పుడల్లా కొత్త ఎస్‌పీఎఫ్ రికార్డు చేరుస్తూ పోవడం. ఒక డొమైన్‌కి ఎస్‌పీఎఫ్ రికార్డు ఒకటే ఉండాలి. రెండుంటే తనిఖీ తప్పుతుంది. ఆ ఒక్కదానిలో కూడా వేరే డొమైన్ల రికార్డుల కోసం చేసే వెతుకులాటలు (డీఎన్‌ఎస్ లుకప్‌లు) పదికి మించకూడదు. డీకిమ్ ఆన్ చేసి, డీమార్క్‌ను మొదట "నన్" (ఏ మెయిల్‌నీ ఆపకుండా రిపోర్టులు మాత్రం తెప్పించేది) మీద పెట్టి రిపోర్టులు రెండు మూడు వారాలు చూడండి. మీ బిల్లింగ్ సాఫ్ట్‌వేర్, వెబ్‌సైట్ ఫారం నుంచి పోయే మెయిళ్లు కూడా పాస్ అవుతున్నాయని ఖాయం చేసుకున్నాక క్వారంటైన్‌కి (ఫెయిల్ అయినవి స్పామ్‌లోకి), ఆపైన రిజెక్ట్‌కి (ఫెయిల్ అయినవి చేరకుండా వెనక్కి) మార్చండి. మొదటి రోజే రిజెక్ట్ పెడితే కస్టమర్లకి పోయే మీ సొంత ఇన్‌వాయిస్‌లే ఆగిపోతాయి.